వ్యసన విముక్తి కౌన్సెలింగులో తొలి మదింపు

తొలి మదింపు అనగా మద్యానికి గాని, ఇతర మత్తు పదార్థాలకు గాని అలవాటు పడి సహాయం కోరి వచ్చిన వ్యక్తితో కౌన్సెలరు మొట్టమొదట జరిపే క్రమబద్ధమైన ముఖాముఖి. వ్యక్తి ఏమి వాడుతున్నాడు, ఎంత వాడుతున్నాడు, హఠాత్తుగా మానివేస్తే ప్రాణాపాయం ఉన్నదా, కుటుంబము, జీవనోపాధి ఏ స్థితిలో ఉన్నవి, మానాలన్న కోరిక ఎంత గట్టిది అనే విషయాలు ఇందులో తెలుస్తాయి. చికిత్స ఇంటివద్ద సాగవచ్చునా, ఆసుపత్రిలో చేర్చవలెనా అన్న నిర్ణయం చాలవరకు దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

నేపథ్యము

భారతదేశంలో ఈ రంగానికి పునాది వేసిన సంస్థలలో, 1980లో శాంతి రంగనాథన్ చెన్నైలో స్థాపించిన టి.టి.రంగనాథన్ క్లినికల్ రీసెర్చ్ ఫౌండేషన్ ముఖ్యమైనది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్, అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన జాతీయ మాదక ద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రము ఈ రంగంలో శిక్షణ ఇస్తున్నాయి. ఈ కేంద్రము జరిపిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం 10 నుండి 75 సంవత్సరాల వయసు వారిలో 14.6 శాతం, అనగా సుమారు 16 కోట్ల మంది, మద్యం సేవిస్తున్నారు. వీరిలో 5.7 కోట్ల మందికి మద్యం విషయంలో సహాయం అవసరమని అంచనా.

స్థానిక పరిస్థితులు

ప్రశ్నలు ప్రాంతాన్ని బట్టి మారవలసి ఉంటుంది. ఉదాహరణకు సూర్యాపేట జిల్లాలోని నేరేడుచర్ల మిర్యాలగూడ - కోదాడ రహదారిపై ఉన్న పట్టణం. చుట్టుప్రక్కల నాగార్జునసాగర్ ఎడమకాలువ క్రింద వరి ప్రధాన పంట. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు ప్రసిద్ధి. సూర్యాపేట, కోదాడల మీదుగా 65వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఇటువంటి ప్రాంతంలో సహాయం కోరి వచ్చే వారిలో హమాలీలు, కౌలు రైతులు, లారీ డ్రైవర్లు ఉంటారు. కూలి చేతికి వచ్చే రోజులు, కోతల కాలం, రాత్రి ప్రయాణాలు తాగే తీరుపై ప్రభావం చూపుతాయి.

తెలంగాణలో కల్లు గురించి ప్రత్యేకంగా అడగడం చాలా అవసరం. "మందు తాగుతారా?" అని అడిగితే "తాగను" అని చెప్పే వ్యక్తి రోజూ కల్లు తాగుతూ ఉండవచ్చు. చాలామంది దృష్టిలో కల్లు మందు క్రిందికి రాదు. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలుపుతారు. దానికి అలవాటు పడినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమణము రావచ్చు. 2015లో అధికారులు కల్తీ కల్లుపై దాడులు పెంచినప్పుడు నిజామాబాదు ప్రాంతంలో ఇటువంటి లక్షణాలతో ఎందరో ఆసుపత్రులకు వచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌను వలన మద్యం దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి కూడా ఇటువంటి రోగుల తాకిడి పెరిగింది.

కల్లుతో పాటు గుడుంబా, గంజాయి, గుట్కా, ఖైనీ, నిద్రమాత్రలు, దగ్గు మందులు, యువకులలో వైట్నరు వంటి ద్రావకాలు పీల్చడం గురించి విడివిడిగా అడగాలి.

ముందుగా తేల్చవలసిన అపాయాలు

వివరమైన సంభాషణకు ముందే కొన్ని విషయాలు తేల్చుకోవాలి.

* చివరిసారి తాగి ఎంతసేపయింది? మద్యం ఆపిన 6 నుండి 48 గంటలలో మూర్ఛలు రావచ్చు. సుమారు 48 నుండి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్ అనే తీవ్రస్థితి కలుగవచ్చు. వణుకు, చెమటలు, లేనివి కనిపించడం, తికమక దీని లక్షణాలు. చికిత్స లేకపోతే ఇది ప్రాణాంతకము.
* గతంలో మానినప్పుడు మూర్ఛ వచ్చిందా? వచ్చి ఉంటే వెంటనే వైద్యునికి చూపించాలి.
* ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయా? ఇంటిలో పురుగుల మందు నిల్వ ఉన్నదా? సూటిగా అడగడం వలన ఆ ఆలోచన కొత్తగా పుడుతుందన్నది అపోహ మాత్రమే.
* ఇంటిలో భార్యపై, పిల్లలపై హింస జరుగుతున్నదా?

వ్యక్తి మత్తులో ఉండగా వచ్చినట్లయితే భద్రతకు సంబంధించిన ప్రశ్నలు మాత్రమే అడిగి, మిగిలినవి మరొక రోజుకు వాయిదా వేస్తారు.

సంభాషణ తీరు

సాధారణంగా వ్యక్తి తనంతట తాను రాడు. భార్య, తల్లి, లేదా అన్న తీసుకుని వస్తారు. అందరి ఎదుట "ఎంత తాగుతావు?" అని నిలదీస్తే అబద్ధమో మౌనమో జవాబుగా వస్తుంది. అందువలన ముందు వ్యక్తితో ఒంటరిగా మాట్లాడతారు. "తాగుబోతు" వంటి మాటలు వాడరు. వయసులో చిన్నవాడైనా "మీరు" అని సంబోధిస్తారు. "మీ రోజు ఎట్లా గడుస్తుంది?" వంటి విశాలమైన ప్రశ్నతో మొదలుపెట్టి క్రమంగా వివరాలలోకి వెళతారు.

ఈ పద్ధతికి ఆధారం ప్రేరణాత్మక సంభాషణ. విలియం మిల్లర్ 1983లో దీనిని ప్రతిపాదించాడు. స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో దీనిపై గ్రంథం వెలువరించాడు. మానడానికి కారణాలను కౌన్సెలరు ఉపదేశించకుండా వ్యక్తి నోటివెంటే రాబట్టడం ఇందులోని కీలకం. తాగుడు వలన కలిగే సుఖాన్ని కూడా అడుగుతారు. "ఒళ్ళు నొప్పులు తగ్గి నిద్ర పడుతుంది" అని ఒక హమాలీ చెబితే, నొప్పికీ నిద్రకూ వేరే మార్గం చూపనిదే చికిత్స నిలవదని అర్థమవుతుంది.

పరిమాణము లెక్కించుట

"కొంచెం", "అప్పుడప్పుడు" అనే జవాబులు లెక్కకు ఉపయోగపడవు. 10 గ్రాముల శుద్ధ ఆల్కహాలును ఒక ప్రామాణిక మోతాదుగా తీసుకుంటారు. 42.8 శాతం ఆల్కహాలు గల విస్కీ, బ్రాందీలలో 30 మిల్లీలీటర్లు ఒక మోతాదు. ఆ లెక్కన 180 మిల్లీలీటర్ల క్వార్టరు సుమారు 6 మోతాదులు. 5 శాతం ఆల్కహాలు గల 650 మిల్లీలీటర్ల బీరు సీసా సుమారు రెండున్నర మోతాదులు. గుడుంబా, కల్లులకు స్థిరమైన గాఢత ఉండదు కనుక వాటిని సీసాలలో, రూపాయలలో నమోదు చేస్తారు.

జ్ఞాపకానికి సాయంగా క్యాలెండరు వాడే పద్ధతిని లిండా సోబెల్, మార్క్ సోబెల్ రూపొందించారు. ఈ ప్రాంతంలో దసరా, సంక్రాంతి, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర, జాన్‌పహాడ్ దర్గా ఉర్సు వంటివి గుర్తులుగా పనికివస్తాయి.

ప్రశ్నావళులు

* కేజ్: జాన్ ఈవింగ్ రూపొందించిన నాలుగు ప్రశ్నల పట్టిక. తగ్గించుకోవాలనిపించడం, ఇతరులు విమర్శిస్తే చిరాకు, అపరాధ భావన, తెల్లవారగానే తాగడం ఇందులోని అంశాలు. రెండు "అవును"లు వస్తే లోతుగా పరిశీలించాలి.
* ఆడిట్: ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 10 ప్రశ్నలు, 40 మార్కులు. 8, అంతకు మించితే హెచ్చరిక. 20, అంతకు మించితే నిపుణుల పరీక్ష అవసరం.
* అసిస్ట్: అదే సంస్థ మద్యం, పొగాకు, ఇతర మత్తు పదార్థాలన్నిటికీ కలిపి రూపొందించిన 8 ప్రశ్నలు.
* వ్యసన తీవ్రత సూచిక: 1980లో థామస్ మెక్‌లెల్లన్ బృందం ప్రకటించింది. ఆరోగ్యము, ఉపాధి, మద్యము, మాదక ద్రవ్యాలు, చట్టపరమైన చిక్కులు, కుటుంబము, మానసిక స్థితి అనే ఏడు రంగాలను పరిశీలిస్తుంది.

చదువురాని వారికి ప్రశ్నలను చదివి వినిపించాలి. మార్కులు సూచన మాత్రమే, రోగ నిర్ధారణ వైద్యుని పని. 2022 జనవరి నుండి అమలులోకి వచ్చిన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు ప్రకారం అదుపు తప్పడం, జీవితంలో మత్తుకే ప్రాధాన్యం పెరగడం, శరీరం దానికి అలవాటు పడిన గుర్తులు అనే మూడింటిలో రెండైనా ఉండాలి.

గోప్యత, చట్టాలు

చెప్పిన మాట ఊరంతా తెలుస్తుందన్న భయం చిన్న పట్టణాలలో ఎక్కువ. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 మద్యం, మాదక ద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా తన పరిధిలోకి తీసుకున్నది. దాని 23వ సెక్షను గోప్యతను హక్కుగా గుర్తించింది. ప్రాణహాని వంటి సందర్భాలలో మినహాయింపులున్నాయి. ఈ మినహాయింపులను సంభాషణ ఆరంభంలోనే చెప్పడం మర్యాద. పిల్లలపై లైంగిక నేరము జరిగినట్లు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు తప్పనిసరి. మాదక ద్రవ్యాల చట్టం, 1985లోని 64ఎ సెక్షను, సొంత వాడకానికి లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసున్న వ్యసనపరుడు ప్రభుత్వ లేక గుర్తింపు పొందిన సంస్థలో స్వచ్ఛందంగా చికిత్స తీసుకుంటే, షరతులకు లోబడి విచారణ నుండి మినహాయింపు ఇస్తుంది.

ముగింపు దశ

చివరలో కౌన్సెలరు తాను విన్నదానిని వ్యక్తి మాటలలోనే సంగ్రహంగా తిరిగి చెప్పి, తప్పులుంటే సరిచేయమని కోరతారు. వ్యక్తి అనుమతితో కుటుంబ సభ్యులతో విడిగా మాట్లాడతారు. వ్యక్తి చెప్పినదానికీ భార్య చెప్పినదానికీ తేడా వస్తే, దానిని అబద్ధమని నిర్ధారించక తరువాతి సమావేశాలలో పరిశీలిస్తారు. తిరిగి రావలసిన తేదీ, ప్రమాద లక్షణాలు కనిపిస్తే వెళ్ళవలసిన ఆసుపత్రి పేరు కాగితంపై వ్రాసి ఇస్తారు. జాతీయ వ్యసన విముక్తి సహాయవాణి 14446, మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ 14416 నంబర్లను కూడా తెలియజేస్తారు. మదింపు ఒక్క రోజుతో పూర్తికాదు. నమ్మకం పెరిగిన కొద్దీ మొదట దాచిన విషయాలు బయటపడతాయి కనుక వివరాలను సవరిస్తూ ఉండాలి.

ఇవి కూడా చూడండి

* మద్యపానము
* కల్లు
* సారా వ్యతిరేక ఉద్యమము
* మానసిక ఆరోగ్యము
* నేరేడుచర్ల