అణు విద్యుత్ కేంద్రం ఎంత సేఫ్? రియాక్టర్ ఆపేశాకే అసలు పరీక్ష.. పదేళ్లకోసారి జరిగే రివ్యూలో ఏం చూస్తారు?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు పెట్టాలన్నది కేంద్రం ప్రతిపాదన. ఈ పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ వినిపించే ప్రశ్న ఒకటే.. "ఏదైనా జరిగితే ఎలా?" దీనికి 'ఏం కాదు' అన్న జవాబు చాలదు. 'అంతా డేంజరే' అన్నా విషయం తేలదు. అసలు రియాక్టర్‌కు రక్షణ ఎలా ఉంటుంది? కట్టిన తర్వాత మళ్లీ ఎవరు చెక్ చేస్తారు? సింపుల్‌గా తెలుసుకుందాం.

ఆఫ్ చేసినా వేడి ఆగదు

కట్టెల పొయ్యిలో మంట ఆర్పేసినా నిప్పుల వేడి ఉంటుంది కదా. రియాక్టర్ కూడా అంతే. చైన్ రియాక్షన్‌ను సెకన్లలో ఆపేయొచ్చు. కానీ ఆపిన క్షణంలో పూర్తి వేడిలో సుమారు 6 నుంచి 7 శాతం ఇంకా పుడుతూనే ఉంటుంది. ఒక రోజు గడిచినా దాదాపు అర శాతం మిగులుతుంది. వెయ్యి మెగావాట్ల కరెంట్ ఇచ్చే రియాక్టర్‌లో ఆ అర శాతం అంటే 15 మెగావాట్ల వేడి! నీళ్లతో దాన్ని తీసేయకపోతే ఇంధనం కరిగిపోతుంది. అందుకే సేఫ్టీ డిజైన్‌లో సగం తలనొప్పి 'ఆపిన తర్వాత' గురించే.

రేడియేషన్ బయటికి రాకుండా నాలుగు అడ్డుగోడలు

* యురేనియం ఇంధన గుళిక.
* గుళికలను మూసి ఉంచే లోహపు గొట్టం. మన భారజల రియాక్టర్లకు ఈ ఇంధన కట్టలు హైదరాబాద్‌లోని ఎన్‌ఎఫ్‌సీలో తయారవుతాయి.
* వేడి నీళ్లు తిరిగే పైపుల వ్యవస్థ.
* వీటన్నిటినీ కప్పే మందపాటి కాంక్రీట్ భవనం.

వీటికి తోడు పంపులు, డీజిల్ జనరేటర్లు ఒకటికి రెండు, మూడు ఉంటాయి. అయితే స్పేర్ ఉంటే సరిపోదు. రెండూ ఒకే ప్రమాదంలో పోకూడదు. ఈ పాఠం మన దేశంలోనే నేర్చుకున్నాం.

నరోరాలో ఆ రాత్రి ఏం జరిగింది?

1993 మార్చి 31, తెల్లవారుజాము. ఉత్తరప్రదేశ్‌లోని నరోరా ఒకటో యూనిట్‌లో టర్బైన్ బ్లేడ్లు విరిగాయి. ఆ అదురుకు జనరేటర్‌లోని హైడ్రోజన్ లీకై మంటలు లేచాయి. సిబ్బంది నిమిషంలోపే రియాక్టర్‌ను ఆపేశారు. కానీ మెయిన్ కేబుళ్లు, బ్యాకప్ కేబుళ్లు కలిసే కాలిపోయాయి. డీజిల్ జనరేటర్లు ఉన్నా కరెంట్ పంపే దారి లేదు. కంట్రోల్ రూమ్ నిండా పొగ. దాదాపు 17 గంటలు పూర్తి బ్లాకౌట్!

సిబ్బంది టార్చ్‌లైట్ల వెలుగులో పైకెక్కి, చైన్ రియాక్షన్ మళ్లీ మొదలవకుండా బోరాన్ ద్రావణం వదిలారు. కరెంట్‌తో పనిలేని డీజిల్ ఫైర్ పంపులతో స్టీమ్ జనరేటర్లకు నీళ్లు పంపారు. రేడియేషన్ బయటికి రాలేదు. అయినా 7 స్థాయిల అంతర్జాతీయ స్కేలుపై ఇది 3వ స్థాయి ఘటన. ఆ తర్వాతే మన కేంద్రాల్లో టర్బైన్ బ్లేడ్లు, కేబుళ్లను వేరు చేసే ఏర్పాట్లపై గట్టిగా దృష్టి పెట్టారు.

ఫుకుషిమాలోనూ ఇదే కథ

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు వాటంతట అవే ఆగాయి. డిజైన్‌లో లెక్కేసిన సునామీ ఎత్తు 6 మీటర్ల లోపే. వచ్చింది సుమారు 14 మీటర్లు. కింది అంతస్తుల్లోని జనరేటర్లు మునిగాయి. మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగింది. కట్టేటప్పుడు వేసిన లెక్క తప్పితే ఎన్ని స్పేర్లున్నా లాభం లేదని తేలింది.

పదేళ్ల రివ్యూ ఎందుకంటే..

ఆ పాత లెక్కలను మళ్లీ తీసి చూడటమే పీరియాడిక్ సేఫ్టీ రివ్యూ. మన దేశంలో 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) గరిష్ఠంగా ఐదేళ్లకే లైసెన్స్ ఇస్తుంది. పదేళ్లకోసారి మాత్రం పూర్తి స్థాయి రివ్యూ ఉంటుంది. ఇందులో ప్రధానంగా చూసేవి ఇవి:

* పైపులు, కేబుళ్లు, కాంక్రీట్ ఎంత పాతబడ్డాయి?
* వరద, భూకంపం, సునామీ లెక్కలు ఇప్పటికీ కరెక్టేనా?
* ఇవాళ్టి ప్రమాణాలతో పోలిస్తే పాత డిజైన్‌లో లోటు ఏంటి?
* ఇతర కేంద్రాల ప్రమాదాల నుంచి ఏం నేర్చుకున్నారు?
* సిబ్బంది శిక్షణ, ఎమర్జెన్సీ ప్లాన్ ఎలా ఉన్నాయి?

లోటు దొరికితే సరిచేయాలి. లేదంటే ఎందుకు ప్రమాదం కాదో నిరూపించాలి. ఇది కాగితాల పని మాత్రమే కాదు. 1969లో మొదలైన తారాపూర్ 1, 2 యూనిట్లనే తీసుకోండి. రివ్యూ తర్వాత 2005-06లో వాటిని ఆపి అప్‌గ్రేడ్ చేశారు. రెండు యూనిట్లూ కలిసి వాడుకుంటున్న వ్యవస్థలను విడదీశారు. పెద్ద డీజిల్ జనరేటర్లు పెట్టారు. అదనపు కంట్రోల్ రూమ్ కట్టారు. ఫుకుషిమా తర్వాత మన కేంద్రాల్లో బయటి నుంచి నీళ్లు ఎక్కించే పాయింట్లు కూడా వచ్చాయి.

చెక్ చేసేవాళ్లు ఎవరన్నదీ ముఖ్యమే

నడిపేవాళ్లకు లోబడి ఉంటే రెగ్యులేటర్ 'ఆపండి' అని గట్టిగా చెప్పలేడు. ఏఈఆర్‌బీకి తగిన స్వతంత్రత లేదని 2012లో కాగ్ ఎత్తిచూపింది కూడా ఇందుకే.

కాబట్టి అణు కేంద్రం గురించి ఎవరైనా 'సేఫ్' అన్నప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. ఎంత ఎత్తు నీళ్లు వస్తాయని లెక్కేశారు? కరెంట్ మొత్తం పోతే ఎన్ని గంటలు చల్లబరచగలరు? గత రివ్యూలో దొరికిన లోపాలు ఎప్పటికి సరిచేస్తారు? వీటికి అంకెలతో, తేదీలతో జవాబు వస్తేనే ఆ మాటకు బలం.