డిగ్రీ తర్వాత ఎంబీబీఎస్: వయసు అడ్డు కాదు, దారి మాత్రం ఒకటే

బ్రిటన్‌లో డిగ్రీ చేసినవారికి నాలుగేళ్ల వైద్య కోర్సు వేరుగా ఉంది. మన దగ్గర లేదు. కామారెడ్డిలో ఇంటర్ పాసైన తమ్ముడైనా, ఎల్లారెడ్డిలో బీఎస్సీ చేసిన అక్క అయినా రాయాల్సింది నీట్ ఒక్కటే. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. డిగ్రీ ఉందని ఒక్క నెల కూడా తగ్గదు.

గరిష్ఠ వయసు పరిమితిని 2022లో తీసేశారు. చేరే ఏడాది డిసెంబరు 31కి 17 నిండితే చాలు. చూసేది ఇంటర్ బైపీసీ: సైన్స్ సబ్జెక్టుల్లో 50 శాతం, బీసీ-ఈ సర్టిఫికెట్ ఉంటే 40. చాలామంది ఆ సర్టిఫికెట్‌ను చివర్లో వెతుక్కుంటారు, ముందే తీసిపెట్టుకోవాలి. బీఎస్సీ మార్కులు ర్యాంకులో కలవవు.

కామారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 100 సీట్లతో మొదలైంది. అయినా సీటు అక్కడే వస్తుందని లేదు, కాళోజీ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టే. 25 ఏళ్లకు చేరితే చేతికి పట్టా వచ్చేసరికి 30 దాటుతుంది. పెళ్లి మాట, ఖర్చు మాట ఫారం నింపకముందే అమ్మీ, అబ్బాతో తేల్చుకోవాలి.