ఫౌజీల పిల్లలకు పీజీ చదువు: ఏ సాయం అందుతుంది, ఏది అందదు?

ఫౌజ్‌లో పదిహేడు, ఇరవై ఏళ్లు చేసి వచ్చిన వాళ్లు కరీంనగర్, ఆదిలాబాద్ వైపు చాలా ఊళ్లలో ఉన్నారు. పిల్లల డిగ్రీ అయిపోగానే ఆ ఇళ్లలో ఒకటే ప్రశ్న: "అబ్బా ఫౌజీ కదా, పీజీకి సర్కార్ డబ్బులు ఇవ్వదా?" ఇస్తుంది, కానీ అన్ని కోర్సులకూ ఇవ్వదు. మన దేశంలో సైనిక కుటుంబాలకు ఇచ్చే చదువు సాయం చాలావరకు మొదటి డిగ్రీతోనే ఆగిపోతుంది. పీజీకి మిగిలే దారులు కొన్నే. అవేమిటో ముందే తెలిస్తే కోర్సు ఎంచుకునేటప్పుడే లెక్క వేసుకోవచ్చు.

అమెరికాలో ఉన్న బంధువులు జీఐ బిల్లు గురించి చెబుతుంటారు. అక్కడ ఇప్పుడున్న చట్టం కింద సైనికుడికి 36 నెలల చదువు ఖర్చు వస్తుంది, దాంతో మాస్టర్స్ కూడా చేయొచ్చు. సర్వీసు షరతులు నెరవేరితే భార్యకో, పిల్లలకో బదిలీ చేయొచ్చు. మన దగ్గర అలాంటి ఒకే పెద్ద పథకం లేదు. వేర్వేరు చోట్ల వేర్వేరు చిన్న పథకాలు ఉన్నాయి.

ప్రధానమంత్రి స్కాలర్‌షిప్

మాజీ సైనికులు, మాజీ కోస్ట్ గార్డ్ సిబ్బంది పిల్లలకు, వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు దీన్ని ఇస్తుంది. ఏటా 5,500 మందికి ఇస్తారు. అందులో సగం, అంటే 2,750, ఆడపిల్లలకే. ఆడపిల్లలకు నెలకు 3,000 రూపాయలు, మగపిల్లలకు 2,500 రూపాయలు. డబ్బు ఏడాదికోసారి నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ఇది బీటెక్, ఎంబీబీఎస్, బీఈడీ, బీఫార్మసీ, బీబీఏ, బీసీఏ వంటి వృత్తి కోర్సులకు వర్తిస్తుంది. పీజీలో మాత్రం ఎంబీఏ, ఎంసీఏ రెండింటికే. ఎంఏ, ఎంకామ్, ఎమ్మెస్సీ, ఎంటెక్ చేసేవారికి రాదు. దూరవిద్యకూ, విదేశాల్లో చదువుకూ రాదు. రెండేళ్ల ఎంబీఏకు ఆడపిల్లకు మొత్తం 72,000, మగపిల్లవాడికి 60,000 వస్తుంది. ఫీజు మొత్తం తీరకపోవచ్చు. కానీ ఇది అప్పు కాదు, వడ్డీ లేదు. వడ్డీ అప్పు వద్దనుకునే ఇళ్లకు ఇది చిన్న మాట కాదు.

షరతులు గుర్తుపెట్టుకోండి. ఎంబీఏ, ఎంసీఏ వాళ్లకు డిగ్రీలో కనీసం 60 శాతం మార్కులు ఉండాలి. కోర్సులో చేరిన మొదటి ఏడాదే దరఖాస్తు చేయాలి, రెండో ఏడాదిలో చేస్తే తీసుకోరు. తర్వాత ప్రతి ఏడాది 50 శాతం తెచ్చుకుంటేనే కొనసాగుతుంది. యుద్ధంలో అమరులైన వారి, వికలాంగులైన వారి, సర్వీసులో చనిపోయిన వారి కుటుంబాలకు, శౌర్య పురస్కారం పొందిన వారి పిల్లలకు ముందు ఇస్తారు. ఆ తర్వాతే మిగతా జవాన్లు, జేసీఓల పిల్లలకు.

చాలామంది పొరపడేది ఒకచోట ఉంది. ఒక విద్యార్థికి ఈ స్కాలర్‌షిప్ ఒకే కోర్సుకు ఇస్తారు. బీసీఏకు తీసుకుంటే మళ్లీ ఎంసీఏకు అడగలేరు. బీకామ్, బీఎస్సీ వంటి మామూలు డిగ్రీకి ఇది ఎలాగూ రాదు కాబట్టి, అది చదివి ఐసెట్ రాసి ఎంబీఏలోనో, ఎంసీఏలోనో చేరే పిల్లలకు దారి తెరిచే ఉంటుంది.

వితంతువులకు

హవల్దార్, అంతకంటే కింది ర్యాంకు మాజీ సైనికుల కుటుంబాలకు రక్షా మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి విద్యా గ్రాంట్ ఉంది. పిల్లల్లో ఇద్దరికి ఒకటో తరగతి నుంచి డిగ్రీ వరకే ఇస్తారు. భర్త పోయిన మహిళ రెండేళ్ల పీజీ చేస్తే ఆమెకు కూడా ఇస్తారు. నెలకు 1,000 రూపాయలుగా ఉన్న ఈ గ్రాంట్‌ను 2025లో 2,000 చేశారు. 2025 నవంబరు 1 నుంచి పెట్టిన దరఖాస్తులకు కొత్త మొత్తం వర్తిస్తుంది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, డిగ్రీ దగ్గర ఆగిపోయిన అక్కచెల్లెళ్లకు ఈ విషయం చెప్పండి. పిల్లల చదువుకే కాదు, తమ చదువుకూ అడగొచ్చని చాలామందికి తెలియదు.

యుద్ధంలో, ఆపరేషన్లలో అమరులైన, గల్లంతైన, శాశ్వత వికలాంగులైన వారి పిల్లలకు 1971 యుద్ధం తర్వాత మొదలైన మరో పథకం ఉంది. ట్యూషన్ ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుంది. నెలకు 10,000 రూపాయల పరిమితి పెడితే 2018లో దాన్ని తీసేశారు. కానీ ఇది కూడా డిగ్రీ వరకే.

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్లకు వేరే దారి

సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ వాళ్లు సైనిక్ బోర్డుకు అర్జీ పెడితే చెల్లదు. వాళ్లకు కేంద్ర హోంశాఖ ఇదే పేరుతో వేరే స్కాలర్‌షిప్ ఇస్తుంది, మొత్తం కూడా అంతే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. నక్సల్, ఉగ్ర దాడుల్లో అమరులైన రాష్ట్ర పోలీసుల పిల్లలకూ ఇందులో చోటుంది. మన రెండు పాత జిల్లాల్లో అలాంటి కుటుంబాలు ఉన్నాయి. వాళ్లు తప్పక అడగాలి.

పెన్షన్, ఆదాయ సర్టిఫికెట్

మైనారిటీ విద్యార్థుల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదు. తహసీల్దార్ ఇచ్చే ఆదాయ సర్టిఫికెట్‌లో పెన్షన్ కూడా లెక్కలోకి వస్తుంది. పెన్షన్ నెలకు 17,000 ఉంటే ఏడాదికి 2,04,000 అవుతుంది. అంటే ఆ కుటుంబం పరిమితి దాటినట్టే. అందుకే చాలా పెన్షన్ ఇళ్లకు ఈ దారి మూసుకుపోతుంది. తక్కువ ఆదాయం రాయించుకుంటే తర్వాత చిక్కు మీ పిల్లలకే.

విదేశీ పీజీకి పరిమితి పెద్దది. మైనారిటీలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఆదాయం 5 లక్షల లోపు ఉంటే చాలు. 20 లక్షల వరకు ఇస్తారు. డిగ్రీలో 60 శాతం మార్కులు, ఇంగ్లిష్ పరీక్షలో, జీఆర్ఈ లేదా జీమ్యాట్‌లో అర్హత స్కోరు కావాలి. అయితే డబ్బు అక్కడికి వెళ్లి చేరిన తర్వాత విడతలుగా వస్తుంది. మొదటి ఖర్చు ఇంటి నుంచే పెట్టుకోవాలి.

అగ్నివీర్‌గా చేరిన మన పిల్లల సంగతి వేరు. నాలుగేళ్ల తర్వాత బయటికి వచ్చేవారికి సుమారు 11.71 లక్షల సేవానిధి వస్తుంది, దానిపై ఆదాయపు పన్ను లేదు. కానీ వారికి మాజీ సైనికుడి హోదా ఉండదు. పైన చెప్పిన సైనిక్ బోర్డు పథకాలను నమ్ముకోకుండా, పై చదువుకు ఆ సేవానిధిలోనే కొంత పక్కన పెట్టుకోవాలి.

పేరు ఒక్కటే ఉందా?

మన ఇళ్లలో దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేరు దగ్గరే. ఫౌజ్ రికార్డులో 'మొహమ్మద్', ఆధార్‌లో 'ఎండీ', పదో తరగతి మెమోలో 'మహ్మద్' అని ఉంటుంది. అమ్మాయి పేరు పక్కన ఒకచోట 'బేగం', ఇంకోచోట 'సుల్తానా' ఉంటుంది. పుట్టిన తేదీ కూడా తేడా ఉంటే పోర్టల్‌లోనో, సైనిక సంక్షేమ కార్యాలయంలోనో ఫైలు వెనక్కి వస్తుంది. సర్వీసు రికార్డులో పిల్లల పేరు ఎక్కకపోయినా అంతే. దాన్ని సరిచేయించాలంటే అఫిడవిట్, పత్రాలతో సైనికుడి రికార్డ్ ఆఫీసుకు రాయాలి. నెలలు పడుతుంది. పిల్లలు డిగ్రీ ఫైనల్ ఇయర్‌లో ఉండగానే ఈ పని మొదలుపెట్టండి.

ఇప్పుడు చేయాల్సినవి

డిశ్చార్జ్ బుక్, పీపీఓ, మాజీ సైనికుడి గుర్తింపు కార్డు, ఆధార్, పదో తరగతి మెమో ఒకచోట పెట్టి పేర్లు, తేదీలు సరిచూడండి. కార్డు ఇచ్చిన ప్రాంతీయ సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి మీ పిల్లల పేర్లు వాళ్ల రికార్డులో ఉన్నాయో లేదో అడగండి. విద్యార్థి పేరుతోనే బ్యాంకు ఖాతా తెరిచి ఆధార్ లింక్ చేయించండి. కాలేజీలో చేరగానే బోనఫైడ్ తీసుకోండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లోనే, ఒరిజినల్ కాగితాలు స్కాన్ చేసి పెట్టాలి. వేరే స్కాలర్‌షిప్ ఏదైనా తీసుకుంటుంటే ముందే చెప్పండి, దాచిపెట్టొద్దు.

ఇక క్యాప్ కోటా విషయం. వృత్తి కోర్సుల కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకు ఉండే ఆ కోటా సీటు ఇప్పిస్తుంది, ఫీజు కట్టదు. సీటు వచ్చింది కదా అని స్కాలర్‌షిప్ దరఖాస్తు మరిచిపోతే ఆ ఏడాది మళ్లీ రాదు.