అడవికి వేసిన మంచె

జొన్నకంకి పాలు పోసుకునే వేళకు చేలో మంచె లేస్తుంది. నాలుగు గుంజలు, పైన ఒక తడిక, చేతిలో వడిసెల, కూత పెట్టడానికి ఒక గొంతు. పంట ఇంటికి చేరాక ఆ మంచె మొహం ఎవరూ చూడరు. గుంజలు పొయ్యిలోకి పోతాయి. అమెరికా కొండల మీద అడవికి వేసిన మంచెల కథ కూడా ఇలాగే ముగియాల్సింది. కానీ చాలాచోట్ల కాపలా ఇక అక్కర్లేదని తేలాక, జనం డబ్బులిచ్చి మరీ అక్కడ రాత్రి పడుకోవడానికి వెళ్ళడం మొదలుపెట్టారు.

మొదట్లో కట్టడం కూడా లేదు. 1902లో ఐడహోలోని బెర్తా హిల్ మీద, కలప నరికేవాళ్ళ శిబిరంలో మేబెల్ గ్రే అనే వంటమనిషి ఉండేది. వంట పూర్తయ్యాక ఒక చెట్టుకు వేసిన నిచ్చెన ఎక్కి చుట్టూ పొగ కోసం చూసేది. మూడేళ్ళకు, 1905లో, కేంద్ర అటవీ సేవాసంస్థ పుట్టింది. కానీ ప్రభుత్వానికి మంచెల విలువ నేర్పింది 1910.

ఆ ఏడు ఆగస్టు 20, 21 తేదీల్లో ఐడహో, మోంటానా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో వందలాది చిన్న మంటలను ఈదురుగాలి ఒకటిగా కలిపేసింది. రెండు రోజుల్లో దాదాపు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. 80 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మంటలార్పడానికి వెళ్ళిన కూలీలే. ఎడ్ పులాస్కీ అనే రేంజరు తన వెంట ఉన్న నలభై మందికి పైగా మనుషుల్ని పాత గని సొరంగంలోకి తోలి, బయటికి పరిగెత్తినవాణ్ణి కాల్చేస్తానని పిస్తోలు పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కువమంది బతికారు. ఒకవైపు గొడ్డలి, ఇంకోవైపు గుద్దలి ఉండే పనిముట్టును అక్కడి అటవీ కూలీలు ఇవాళ్టికీ పులాస్కీ అనే పిలుస్తారు. ఆ రెండు రోజులు నేర్పిన పాఠం ఒకటే: మంటను పొగగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. అందుకు ఎత్తున కూర్చున్న ఒక మనిషి కావాలి.

ఆ మనిషి చేతికి పరికరం ఇచ్చినవాడు విలియం ఆస్‌బోర్న్. గది నడుమ బల్ల, దాని మీద గుండ్రటి మ్యాపు, చుట్టూ తిరిగే లోహపు వలయం. వలయానికి ఒకవైపు సన్నటి సందు, ఎదుటివైపు నిలువుగా బిగించిన గుర్రపు వెంట్రుక. సందులోంచి చూస్తూ వెంట్రుకను పొగ మీదికి తెస్తే దిక్కు డిగ్రీల్లో తెలిసిపోతుంది. ఇంకో కొండ మీది కావలి మనిషి తన లెక్క ఫోనులో చెబితే, రెండు గీతలు కలిసిన చోటే మంట. వందేళ్ళు దాటినా, మనిషి కాపలా మిగిలిన చోట్ల ఈ ఆస్‌బోర్న్ పరికరం ఇంకా కనిపిస్తుంది.

కట్టడాల తీరు రెండు రకాలుగా సాగింది. తూర్పున, న్యూయార్క్ రాష్ట్రం లాంటి చోట్ల, గాలిమరలు తయారుచేసే ఏర్‌మోటర్ కంపెనీ ఉక్కు గోపురాలు అమ్మింది. కావలివాడి నివాసం కింద చిన్న ఇంట్లో, పని పైన ఇరుకు గదిలో. పడమటి కొండల్లో ఇల్లూ పనీ ఒకే గది. అక్కడ బాగా వాడిన నమూనా పద్నాలుగడుగుల చదరం, నాలుగు గోడలా కిటికీలు. కంచర గాడిదల మీద మోసుకెళ్ళే ముక్కలుగా కోసి పంపేవాళ్ళు. చూపుకు అడ్డం రాకూడదని మంచం, పొయ్యి, అలమర అన్నీ కిటికీ అంచుకు దిగువనే. వీటన్నిటికంటే నాకు నచ్చిన సామాను ఒక చిన్న స్టూలు. దాని కాళ్ళకు గాజు బుడిపెలుంటాయి. పిడుగులు పడుతుంటే కావలి మనిషి దాని మీదికెక్కి, కరెంటు తనలోంచి పోకుండా చూసుకుంటూ, ఏ పిడుగు ఎక్కడ పడిందో రాసుకునేది.

‘రాసుకునేది’ అనడానికి కారణం ఉంది. 1913లో కాలిఫోర్నియాలోని క్లామత్ అడవిలో ఎడీ గల్చ్ మంచెకు హాలీ డాగెట్‌ను తీసుకున్నారు. అటవీ సంస్థ ఈ పనికి నియమించిన మొదటి మహిళ ఆమె. ఒంటరితనానికి భయపడి దిగొచ్చేస్తుందని అనుకున్నవాళ్ళున్నారు. ఆమె పద్నాలుగు వేసవులు అక్కడే గడిపింది.

1933లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నిరుద్యోగ యువకుల కోసం పెట్టిన సివిలియన్ కన్జర్వేషన్ కోర్ కొండకొండకూ మంచె కట్టింది. 1935లో ఒక నియమం వచ్చింది: కనబడిన ప్రతి మంటా మర్నాడు పొద్దున పదింటికల్లా అదుపులోకి రావాలి. చివరికి దేశంలో మంచెలు ఐదువేలు దాటాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ కళ్ళకు ఇంకో పని కూడా పడింది, శత్రు విమానాలను కనిపెట్టడం. 1942 సెప్టెంబరు 9న జపాను పైలట్ నొబువో ఫుజితా జలాంతర్గామి నుంచి లేచి, ఆరెగాన్‌లోని బ్రూకింగ్స్ ఊరి దగ్గర అడవి మీద నిప్పుబాంబులు వేశాడు. మౌంట్ ఎమిలీ మీది కావలివాడు విమానాన్నీ పట్టాడు, తర్వాత పొగనూ పట్టాడు. అడవి తడిగా ఉంది, మంట ఆరిపోయింది. ఇరవయ్యేళ్ళకు ఫుజితా అదే ఊరికి అతిథిగా వచ్చి, తమ ఇంట తరతరాలుగా ఉన్న కత్తిని కానుకగా ఇచ్చాడు.

ఈ ఉద్యోగానికి సాహిత్యంలో చోటు దొరికింది 1950లలో. కవి గ్యారీ స్నైడర్ 1952లో క్రేటర్ మౌంటెన్ మీద, మరుసటేడు సోర్‌డో మౌంటెన్ మీద కాపలా కాశాడు. 1954లో, కమ్యూనిస్టుల వేట నడుస్తున్న ఆ రోజుల్లో, ఆయన నమ్మదగినవాడు కాదని ప్రభుత్వం ఉద్యోగం ఊడబెరికింది. పొగ చూసే పనికి కూడా రాజకీయ శీలం కావాల్సొచ్చింది! ఆయన మాటలు విని మనసుపడ్డ రచయిత జాక్ కెరువాక్ 1956లో డెసొలేషన్ పీక్ ఎక్కాడు. అక్కడ ఉన్న 63 రోజులు జ్ఞానోదయం కోసం చూసి, ఎక్కువగా విసుగునే చవిచూశాడు. ఆ సంగతి దాచకుండా రాశాడు కూడా. అయినా ఆయన పుస్తకాలు చదివినవాళ్ళకు విసుగు గుర్తులేదు, కొండ గుర్తుండిపోయింది.

అప్పటికే మంచెలకు రోజులు దగ్గరపడ్డాయి. విమానాలు, రేడియోలు, తర్వాత ఉపగ్రహాలు, కెమెరాలు వచ్చాయి. ఖాళీ అయిన గదుల్లో కొన్నింటిని అటవీ సంస్థే తగలబెట్టింది. మిగిలినవి బతికింది కొండలెక్కేవాళ్ళ అభిమానం వల్ల. స్వచ్ఛందంగా పైకప్పులు మార్చారు, అద్దాలు మోసుకెళ్ళారు. 1990లో వీటి కోసం ఒక జాతీయ సంఘం కూడా వెలిసింది. మోంటానా, ఐడహో, ఆరెగాన్‌లలో కొన్ని గదులను రాత్రికి ఇంతని అద్దెకిస్తున్నారు. నీళ్ళు చాలాచోట్ల మనమే మోసుకెళ్ళాలి, మరుగుదొడ్డి బయట. అయినా మంచి రోజులకు గది దొరకడం గగనం. వాషింగ్టన్ రాష్ట్రంలో హిడెన్ లేక్, పార్క్ బ్యూట్ లాంటి చోట్ల అద్దె కూడా లేదు, ముందు చేరినవాళ్ళదే మంచం. త్రీ ఫింగర్స్ అనే కొండ మీద గది కట్టడానికి శిఖరాన్నే డైనమైట్‌తో చదును చేశారు. ఇప్పుడు చివరి అంచుకు నిచ్చెనలెక్కి చేరాలి. అంత సాహసం వద్దనుకునేవాళ్ళకు మౌంట్ పిల్చక్ ఉంది. 2.7 మైళ్ళ దారిలో 2,300 అడుగుల ఎక్కుడు. సియాటిల్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళకు అదొక పొద్దుటి పని. పులిహోర డబ్బా విప్పడానికి అంతకు మించిన అరుగు ఆ చుట్టుపక్కల లేదు.

ఇదంతా అందరికీ నచ్చిందనుకోకండి. అదే రాష్ట్రంలో గ్రీన్ మౌంటెన్ మీద 1933 నాటి గది పాడైతే, విప్పి బాగుచేసి హెలికాప్టర్‌లో పైకి చేర్చారు. అది చట్టం కాపాడే వన్యప్రాంతం, యంత్రాలూ కట్టడాలూ కూడదని ఒక పర్యావరణ సంస్థ కోర్టుకెక్కింది. 2012లో తీర్పు దానికి అనుకూలంగా వచ్చింది: తీసేయాల్సిందే. 2014 మార్చిలో దగ్గర్లోని ఓసో ఊరి వద్ద కొండచరియ విరిగిపడి 43 మంది పోయారు. తల్లడిల్లిన ఆ లోయకు ఊరటగా, గదిని అక్కడే ఉంచుతూ అమెరికా కాంగ్రెస్ మరుసటి నెలలోనే చట్టం చేసింది. చట్టం మాట కోర్టు సరిగ్గానే చెప్పిందనుకుంటాను. గది ఉండిపోయినందుకు సంతోషం కూడా కలిగింది. రెండూ నిజమే.

దశాబ్దాల కాపలా చేసిన మేలులో ఒక చిక్కుంది. మంటలన్నీ ఆర్పేయడంతో అడవి అడుగున ఎండుపుల్లలు, గుబురు చెట్లు పేరుకుపోయాయి. వేడి పెరిగిన వేసవుల్లో ఇప్పుడు లేచే మంటలకు అదే మేత. 2023 జులై చివర్లో స్నైడర్ కాపలా కాసిన సోర్‌డో మౌంటెన్ మీదే పిడుగుపడి మంట లేచింది, కింద రహదారి మూసేశారు. ఇలాంటప్పుడు అగ్నిమాపక సిబ్బంది ముందుగా పైకెళ్ళి, పాత కావలి గదిని పైకప్పు నుంచి పునాది దాకా మెరిసే అల్యూమినియం రేకుతో చుట్టి, కిటికీలు మూసి దిగొచ్చేస్తారు.