రాణిచీమ ఒంటరిగా సంసారం పెట్టగలదా?

తూర్పు కనుమల చెంతనున్న గొలుగొండలో తొలకరి వాన వెలిసిన సాయంకాలం దీపాల చుట్టూ రెక్కల పురుగులు ముసురుకొంటాయి. నాలుగు రెక్కలూ సమానంగా, నడుము లావుగా ఉంటే అవి ఉసిళ్ళు, చెదజాతివి. నడుము సన్నగా ఉండి, ముందు రెక్కలు వెనుకవాటికంటె పెద్దవిగా ఉంటే అవి చీమలు. జతకూడడం కోసమే ఇవి పుట్ట విడిచి ఎగురుతాయి. ఆ పిమ్మట మగచీమలు చనిపోతాయి. రాణి తన రెక్కలను రాల్చుకొని నేలలో దూరుతుంది.

తరువాత ఏమవుతుంది? పనిచీమల సాయం లేకుండా ఒక్క రాణి పుట్టను నెలకొల్పగలదా? పుట్టను తవ్వి చూద్దామంటే చూడవలసినదే చెదరిపోతుంది. అందుచేత శాస్త్రజ్ఞులు చీమలను ఇంటికి తెచ్చి పెంచవలసివచ్చినది.

18వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశీయుడు రేమ్యూర్ చీమలను గాజుపాత్రలలో ఉంచి పరిశీలించాడు. ఆయన వ్రాతప్రతి 1926 వరకు అచ్చు కాలేదు. జెనీవా వాసి ప్యేర్ హ్యూబర్ 1810లో తన పరిశీలనలను గ్రంథంగా ప్రకటించాడు. అయినా రాణి సంగతిపై వాదం ఆగలేదు.

ఇంగ్లండులో జాన్ లబ్బక్ వృత్తిరీత్యా బాంకరు. రెండు గాజుపలకల నడుమ పలుచగా మట్టి పరచి, వెలుతురు సోకకుండా కప్పి, ఆయన ఇంటిలోనే చీమలను పెంచాడు. 1876లో కొన్ని రాణులను పనిచీమలు లేకుండా వేరుగా ఉంచాడు. 1877లో అవి గ్రుడ్లు పెట్టి, డింభకాలను సాకి, పనిచీమలను తయారుచేశాయి. వాదం తీరినది. ఆయన పెంచిన మరొక రాణి సుమారు 15 ఏండ్లు బ్రతికి 1888లో చనిపోయినది.

మన ప్రాంతపు చీమలనూ పూర్వమే గమనించినవారున్నారు. నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ 1851లో దక్షిణ భారత చీమల పట్టికను మద్రాసు పత్రికలో ప్రకటించాడు. తన గదిలోని విత్తనాల పొట్లాలను చీమలు ఖాళీచేసిన సంగతికూడ ఆయన వ్రాశాడు.

లబ్బక్ ప్రయోగాన్ని విద్యార్థులూ చేయవచ్చును. పరీక్షనాళికలో మూడోవంతు నీరు పోసి, దూదితో బిగించవలెను. రెక్కలు రాల్చిన నల్ల గండుచీమ రాణిని అందులో విడిచి, మూతికి మరొక దూదిఉండ పెట్టి, చీకటిలో ఉంచవలెను. దానికి మేత అక్కరలేదు. ఇక పనిలేని రెక్కల కండరాలు కరిగి, ఆ పుష్టితోనే తొలి పిల్లలు పెరుగుతాయి. ఆ తొలి పనిచీమలు చిన్నవి. అవి వచ్చాక పంచదార నీటిచుక్క, చచ్చిన పురుగు ముక్క ఇవ్వవలెను. మాటిమాటికీ కదపరాదు.

పుట్ట తవ్వితే పనిచీమలు వందలుగా దొరకవచ్చును. కాని రాణి లేని ఆ గుంపు తరుగుతుందే కాని పెరగదు. ఒక్క రాణిని పట్టి, ఓపికతో తేదీలు వ్రాసుకొన్న విద్యార్థి మాత్రం ఒక పుట్ట చరిత్రను మొదటి గ్రుడ్డు నుంచీ చదువగలడు.