యూదుల పెండ్లిని ఎవరు జరిపించాలి? ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

డిచ్‌పల్లి, నిజామాబాదు, బోధన్ ప్రాంతాల్లోని మన సంఘాల్లో పెండ్లి కుదిరిన తర్వాత కుటుంబాల్లో ఒక ప్రశ్న తప్పక వస్తుంది: "పెండ్లి ఏ అయ్యగారితో చేయిద్దాం?" పేరున్న ప్రసంగీకుడు కావాలని ఒకరంటారు, బంధువైన పాస్టరు కావాలని మరొకరంటారు. ఇదే ప్రశ్నను యూదులు శతాబ్దాలుగా వేసుకుంటున్నారు. వారి జవాబు మనకు వింతగా తోచవచ్చు. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం పెండ్లిని చేసేది రబ్బీ కాదు. వధూవరులే ఇద్దరు సాక్షుల యెదుట దానిని చేసుకుంటారు. అయినా ఆ పెండ్లిని నడిపించేవాడు ఎవరో ఒకరు అయితే చాలదని యూదులు గట్టిగా నమ్ముతారు. ఈ రెండు మాటలు ఎలా పొసుగుతాయో, అందులో మన సంఘాలకు ఏ హెచ్చరిక ఉన్నదో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

1. పాత నిబంధనలో పెండ్లి పెద్ద ఎవరు?

పాత నిబంధనలో యాజకుడు జరిపించిన పెండ్లి ఒక్కటి కూడా మనకు కనబడదు. ఆదికాండము 24వ అధ్యాయంలో రిబ్కా పెండ్లి మాటలు ఆమె ఇంటివారితోనే జరిగాయి. రూతు 4వ అధ్యాయంలో బోయజు ఊరి గవిని యొద్ద పెద్దలను సాక్షులుగా నిలిపాడు, వారు దీవించారు. మలాకీ 2:14 పెండ్లిని నిబంధనగా చూపి, దానికి యెహోవాయే సాక్షి అని బోధిస్తుంది. ఐగుప్తులోని ఎలిఫెంటైన్ ద్వీపంలో కాపురమున్న యూదుల వివాహ పత్రాలు దొరికాయి. అవి క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దానివి, అరామిక్ భాషలో వ్రాసినవి. వాటిలో వరుని ప్రకటన, కట్నకానుకల వివరాలు, సాక్షుల పేర్లు ఉన్నాయి. కానా పెండ్లిలోనూ మనం విందు ప్రధానిని చూస్తాం గాని యాజకుని చూడం. పెండ్లి అనేది రెండు కుటుంబాల మధ్య, సమాజం సాక్షిగా జరిగిన నిబంధన. గుడిలో అర్పించే బలివంటి కార్యంగా దానిని ఎవరూ ఎంచలేదు.

2. తెలిసినవాడే ఎందుకు?

మిష్నా, తల్మూదు కాలానికి ఈ ఆచారం ఒక క్రమంగా స్థిరపడింది. వరుడు విలువగల ఒక వస్తువును, తరువాతి కాలంలో ఉంగరాన్ని, వధువుకిచ్చి ఆమెను తనకు ప్రత్యేకించుకుంటున్నట్లు పలుకుతాడు. దీనిని కిద్దుషీన్ అంటారు. కెతూబా అనే పత్రంలో భార్యకు చెల్లవలసిన హక్కులు వ్రాస్తారు. మిష్నా ప్రకారం కన్యకు 200 జూజులు, విధవరాలికి 100 జూజులు అందులో కనీసపు మొత్తం. హుప్పా అనే పందిరి క్రింద ఏడు ఆశీర్వచనాలు పలుకుతారు. సాక్షులు లేని కిద్దుషీన్, ఇద్దరూ ఒప్పుకున్నా, చెల్లదని తల్మూదు తీర్పు. రబ్బీ లేకపోతే చెల్లదన్న తీర్పు మాత్రం లేదు. 12వ శతాబ్దపు పండితుడు మైమోనిదెస్ కిద్దుషీన్ ఆశీర్వచనాన్ని వరుడే పలుకవచ్చునని బోధించాడు.

అయితే అదే తల్మూదు మరొక మాట కూడా చెబుతుంది: విడాకుల ధర్మం, కిద్దుషీన్ ధర్మం తెలియనివాడు వాటి జోలికి పోరాదు. దీనికి కారణం బరువైనది. మొదటి పెండ్లి గెట్ అనే విడాకుల పత్రంతో సరిగా తెగకుండా ఒక స్త్రీ మరొకరిని పెండ్లాడితే, ఆ రెండవ కాపురంలో పుట్టిన బిడ్డలపై ద్వితీయోపదేశకాండము 23:2లోని నిషేధం పడుతుంది. వారు సమాజంలో పెండ్లి చేసుకోలేరు. పెద్దల అజ్ఞానానికి శిక్ష పుట్టబోయే బిడ్డలకు పడుతుందన్నమాట. అందుచేత మధ్యయుగాల జర్మను దేశాల్లో పెండ్లి నడిపించే పని క్రమంగా రబ్బీ చేతికి వచ్చింది. రబ్బీ పలికే మాటల్లో ప్రత్యేక శక్తి ఉన్నదని కాదు, విచారించి అడ్డు చెప్పగల జ్ఞానం ఆయనకున్నదని.

3. రబ్బీలు లేని భారతదేశం

మన దేశంలోని పాత యూదు సమాజాలు తరతరాలు రబ్బీలు లేకుండానే నిలిచాయి. కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సమాజమందిరాన్ని పెద్దలే నడిపించారు. కొంకణ తీరపు బెనె ఇశ్రాయేలీయులలో కాజీ అనే పెద్దలు పెండ్లిళ్లు జరిపించి తగవులు తీర్చేవారు. దావీదు రహాబీ అనే బోధకుడు మూడు కుటుంబాలవారికి ధర్మశాస్త్రం నేర్పి ఆ పని అప్పగించాడని వారి సంప్రదాయం. 1796లో బొంబాయిలో శామ్యూల్ ఎజెకియేల్ దివేకర్ వారి మొదటి సమాజమందిరాన్ని కట్టించాడు.

స్వంత సమాజంలో ఈ పద్ధతి చెల్లింది. ఇశ్రాయేలు దేశానికి వలస వెళ్లిన తర్వాత చిక్కు వచ్చింది. అక్కడ 1953 నాటి చట్టం యూదుల పెండ్లి, విడాకుల వ్యవహారాలను రబ్బీల న్యాయస్థానాల అధికారంలో ఉంచింది. బెనె ఇశ్రాయేలీయుల పూర్వికులు విడాకుల నియమాలు, మరిది ధర్మం సరిగా పాటించారా అని కొందరు రబ్బీలు సందేహించారు. వారితో పెండ్లి జరిపించే ముందు వంశాన్ని విచారించాలని 1962లో ప్రధాన రబ్బీల కార్యాలయం ఆదేశాలిచ్చింది. బెనె ఇశ్రాయేలీయులు దీనిని అవమానంగా భావించి ఉద్యమించారు. 1964లో ఇశ్రాయేలు పార్లమెంటు వారిని అన్ని విధాల యూదులుగా ప్రకటించింది. కొంకణ గ్రామాల్లో తాతలనాడు కాజీలు జరిపించిన పెండ్లిళ్లు మనవల పెండ్లి దగ్గర ప్రశ్నలుగా లేచాయి. విచారణ అవసరమే. కాని ఒక జనాంగమంతటినీ అనుమానించే విచారణ కాపరి పని కాదు.

4. తెలుగు నేలపై ఇదే ప్రశ్న

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు సమాజం ఉన్నది. మాదిగ నేపథ్యంగల ఈ కుటుంబాలు ఒకప్పుడు క్రైస్తవ సంఘాల్లో ఉండి, 20వ శతాబ్దం చివరి దశకాల్లో తాము ఇశ్రాయేలు గోత్రాల సంతతివారమని ప్రకటించి యూదు ఆచారాలు చేపట్టాయి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై వ్రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది. ఈశాన్య భారతంలోని బెనె మెనష్షే వారిని ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ 2005లో ఇశ్రాయేలు సంతతిగా అంగీకరించినా, వారు క్రమబద్ధంగా మతస్వీకారం చేయవలసి వచ్చింది. తెలుగువారికి 2013 నాటికి అట్టి గుర్తింపు కూడా రాలేదు.

ఇటువంటి సమాజంలో పెండ్లి ఎవరు జరిపించాలన్న ప్రశ్న కన్నా ముందు, ఎవరు సాక్షులుగా నిలువగలరన్న ప్రశ్న వస్తుంది. సనాతన యూదు ధర్మంలో సాక్షులు ఆచారపరులైన యూదు పురుషులై ఉండాలి, వధూవరులకు దగ్గరి బంధువులు కాకూడదు. అందరూ బావలు, మరదులు, మేనమామలుగా ఉండే చిన్న పల్లె సమాజంలో అట్టి ఇద్దరిని వెదకడమే కష్టం. బయటినుండి రబ్బీ వచ్చినా, ఆయన ముందుగా అడిగేది వధూవరులు యూదులా అన్నదే. పెండ్లి పెద్దను ఎన్నుకోవడమంటే తమ పెండ్లిని ఏ సమాజం గుర్తించాలో ఎన్నుకోవడమే.

నేటి యూదు శాఖలు దీనికి భిన్నమైన జవాబులిస్తున్నాయి. సంస్కరణ శాఖలో 1972లో శాలీ ప్రీసాండ్ రబ్బీగా అభిషేకం పొందిన నాటినుండి స్త్రీలు కూడా పెండ్లిళ్లు జరిపిస్తున్నారు. సనాతన శాఖ స్త్రీలను కిద్దుషీన్ సాక్షులుగా కూడా అంగీకరించదు.

5. రాజ్యము చేతి ముద్ర

రాజ్యం కూడా ఇందులో కలుగజేసుకుంటుంది. ఇశ్రాయేలులో 2013 నాటి సవరణ, నమోదు చేయించకుండా యూదు వివాహం జరిపించినవారికి రెండేళ్ల వరకు జైలుశిక్షకు వీలు కల్పించింది. 2018 జూలైలో హైఫా పట్టణంలో డోవ్ హాయూన్ అనే రబ్బీని పోలీసులు తెల్లవారుజామున ఇంటినుండి విచారణకు తీసుకొనిపోయారు. మన దేశంలో యూదుల పెండ్లికి ప్రత్యేక చట్టం లేదు. 1955 నాటి హిందూ వివాహ చట్టం వారికి వర్తించదు. వారు తమ ఆచారం ప్రకారం గాని, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం క్రింద గాని పెండ్లి చేసుకుంటారు.

మన క్రైస్తవుల స్థితి అట్లు కాదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం 5వ సెక్షను పెండ్లి జరిపించదగినవారు ఎవరో పేర్కొంటుంది. బిషప్పు చేత అభిషేకం పొందినవారికి వేరే లైసెన్సు అవసరం లేదు. 1947లో దక్షిణ ఇండియా సంఘంలో భాగమైన మెదక్ అధ్యక్ష మండలపు అభిషిక్త గురువులు ఈ కోవలోనివారు. స్వతంత్ర సంఘాల పాస్టర్లు రాష్ట్ర ప్రభుత్వం నుండి లైసెన్సు పొందాలి. అధికారం లేకుండా పెండ్లి జరిపించినవారికి 68వ సెక్షను పదేళ్ల వరకు శిక్ష విధిస్తుంది. 4వ సెక్షను ప్రకారం అట్టి పెండ్లి చెల్లదు. ఇక్కడ నష్టపోయేది ముఖ్యంగా వధువు. జీవనభృతికైనా ఆస్తి హక్కుకైనా ఆమె న్యాయస్థానానికి వెళ్లినప్పుడు మొదట అడిగేది ఆ పెండ్లి రుజువే.

ముగింపు

యూదుల చరిత్ర పెండ్లి పెద్దను ఎన్నుకోవడానికి మూడు కొలతలు ఇస్తున్నది. ఆయనకు ధర్మం తెలియాలి. అవసరమైతే "ఈ పెండ్లి జరుగదు" అని చెప్పగల ధైర్యం ఉండాలి. ఆయన జరిపించిన పెండ్లిని సమాజం, రాజ్యం అంగీకరించాలి. స్వరం, పేరు, బంధుత్వం ఈ మూడింటి తర్వాతవే.

కాబట్టి దైవజనులు ఆహ్వానం అందగానే తేదీ ఇచ్చివేయక మొదట విచారించాలి. వయస్సు రుజువులు చూడాలి. ఇదివరకు పెండ్లి అయి ఉంటే, ఆ భాగస్వామి మరణ ధ్రువపత్రమో విడాకుల తీర్పో చేతికి తీసుకొని చదవాలి. ఆరాధనలో పెండ్లి ప్రకటనలు చదివేది అభ్యంతరం ఉన్నవారు చెప్పడానికే గనుక వాటిని మొక్కుబడిగా ముగించకూడదు. రిజిస్టరులో సంతకాలు, ఇద్దరు నమ్మదగిన సాక్షులు, వధువు చేతికి ధ్రువపత్రం, 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టం ప్రకారం నమోదు, ఇవన్నీ పరిచర్యలో భాగమే. లైసెన్సు లేని సేవకుడు ప్రార్థించవచ్చు, వాక్యం చెప్పవచ్చు. పెండ్లి జరిపించే పనిని మాత్రం అధికారమున్న సహోదరునికి అప్పగించాలి. అది ఆయనకు చిన్నతనం కాదు. ఆ ఇంట రేపు పుట్టబోయే బిడ్డల పక్షాన ఆయన చేసే సేవ అది.