నల్లరేగడి కుక్కలు: కానుక నాటి నుంచి అంగడి నాటి దాకా

ఇంటికి ఒక కుక్కపిల్లను తెచ్చుకోవాలనుకున్నప్పుడు నేడు మన ముందు రెండు దారులున్నాయి. డబ్బు పెట్టి జాతికుక్కను కొనుక్కోవడం ఒకటి. దిక్కులేక వీధిన పడ్డ పిల్లను జంతు శరణాలయం నుంచి తెచ్చి పెంచుకోవడం రెండోది. ఇదేదో పట్నవాసులకు కొత్తగా వచ్చిన సందేహమని అనిపించవచ్చు. కాని దీని వెనుక కొన్ని వందల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో మన తెలుగువారి పాత్ర కూడా ఉంది. అది తెలియాలంటే తమిళనాడు దక్షిణ భాగంలోని విరుదునగర్, కోవిల్‌పట్టి ప్రాంతాల వైపు ఒకసారి చూడాలి.

మదురై దాటి దక్షిణానికి పోతే నల్లరేగడి నేల మొదలవుతుంది. తమిళులు దాన్ని కరిసల్ అంటారు. వాన తక్కువ, ఎండ ఎక్కువ. పత్తి, చిరుధాన్యాలు పండే మెట్ట పొలాలు. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తరువాత మదురై నాయకుల కాలంలోనూ తెలుగు కుటుంబాలు ఎన్నో ఇక్కడికి వలస వచ్చాయి. పదహారో శతాబ్దిలో విశ్వనాథ నాయకుని ఏలుబడిలో ఈ దేశాన్ని 72 పాళెములుగా విభజించారని చెబుతారు. ఆ పాళెగాండ్రలో తెలుగు మాట్లాడేవారు చాలామంది. రాజపాళయంలో స్థిరపడిన రాజులు నేటికీ ఇళ్లలో తెలుగే మాట్లాడుకుంటారు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్, ఇలా వలస వచ్చినవారు అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను 1976లో గోపల్ల గ్రామం అనే తమిళ నవలగా రాశారు.

ఈ నేలలో మూడు కుక్కజాతులు పేరుపొందాయి. మొదటిది రాజపాళయం. తెల్లని ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, బలిష్ఠమైన శరీరం. కాపలాకూ, అడవిపంది వేటకూ దీన్ని వాడేవారు. రెండోది చిప్పిపారై. విరుదునగర్ జిల్లాలోని ఒక గ్రామం పేరే దానికి వచ్చింది. మూడోది కన్ని. ఈ రెండూ సన్నని నడుము, పొడవైన కాళ్లు గల వేటకుక్కలు. చెట్టూ చేమా లేని బయలులో కంటితో కుందేటిని పసిగట్టి, తరిమి పట్టేవి. ఎండకు ఓర్చుకుంటాయి, పెట్టిందే తింటాయి. కూలివాడి గుడిసెలోనైనా, జమీందారు మేడలోనైనా బతకగలవు.

కన్ని అంటే తమిళంలో పెళ్లికాని పిల్ల. అత్తవారింటికి పోయే కూతురికి పుట్టింటివారు ఈ కుక్కపిల్లను సారెతోపాటు ఇచ్చేవారనీ, అందుకే ఆ పేరు వచ్చిందనీ అక్కడివారు చెబుతారు. పాతకాలపు కుటుంబాలు పిల్లలను అమ్మేవి కావు. అడిగిన బంధువుకో, నమ్మిన స్నేహితుడికో ఊరికే ఇచ్చేవి. ఇందులోని కట్టుబాటును మనం గమనించాలి. ఇచ్చేవాడికి తీసుకునేవాడి ఇల్లు తెలుసు. సరిగా చూసుకోకపోతే అడిగే చనువుంది. నేడు శరణాలయాలవారు పెంపకానికి ఇచ్చేముందు, ఇంట్లో ఎవరెవరున్నారు, కుక్కను ఎక్కడ ఉంచుతారు, ఊరికి పోతే ఎవరు చూస్తారు అని అడుగుతారు. మన పెద్దలు ఆ ప్రశ్నలు నోరు తెరిచి అడగలేదు గాని, జవాబులు వారికి ముందే తెలుసు.

అలాగని ఆ కాలంలో అంతా మంచే జరిగిందని అనుకోకూడదు. ఒక ఈతలో పుట్టిన పిల్లల్లో రంగు నచ్చనివాటిని పుట్టగానే చంపేసే ఆచారం కూడా ఉండేది. రాజపాళయం కుక్క తెల్లగానే ఉండాలన్న పట్టుదలతో మచ్చలున్న పిల్లలను వదిలించుకునేవారు. కుక్కలు కొద్ది ఇళ్ల మధ్యే తిరగడంతో దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటినే జత కట్టించేవారు. దాని ఫలితం చెవుడు. ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవి పనిచేయడానికీ అవసరం. అవి లోపిస్తే ఒళ్లు తెల్లబడుతుంది, కొన్ని పిల్లలకు వినికిడీ పోతుంది. కాపలా కుక్కకు చెవుడు వస్తే ఇక చెప్పేదేముంది!

కాలం మారింది. 1799 అక్టోబరు 16న కోవిల్‌పట్టికి దగ్గరి కయత్తారులో వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఇంగ్లీషువారు ఉరి తీశారు. పాళెగాండ్ర కోటలు కూలిపోయాయి. తరువాత వచ్చిన జమీందారీలు 1948 చట్టంతో పోయాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేటకు అడ్డుకట్ట పడింది. పోషించే ప్రభువూ లేడు, చేయడానికి పనీ లేదు. కుక్క అంగడి సరుకయింది. జాతులు అంతరించకుండా తమిళనాడు పశుసంవర్ధక శాఖ 1980 దశకం మొదట్లో చెన్నైలోని సైదాపేటలో ఒక ఉత్పత్తి కేంద్రం పెట్టింది. 2005లో తపాలాశాఖ రాజపాళయం కుక్క బొమ్మతో స్టాంపు వేసింది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ఈ మూడు జాతుల పేర్లూ చెప్పారు. పేరు పెరిగితే గిరాకీ పెరుగుతుంది. గిరాకీ పెరిగిన చోట లాభం కోసమే ఏటేటా ఈనించేవారూ పుట్టుకొస్తారు. చివరకు సైదాపేట కేంద్రాన్ని కూడా మూసివేయమని 2022లో మద్రాసు హైకోర్టు ఆదేశించింది.

ఇక రెండో దారి కథ. ఒకప్పుడు మద్రాసు నగరపాలక సంస్థ వీధికుక్కలను పట్టి చంపించేది. 1959లో కెప్టెన్ వి. సుందరం బ్లూ క్రాస్‌ను స్థాపించారు. చంపడానికి బదులు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేసి, టీకా వేసి వదలాలని ఆ సంస్థ 1964 నుంచి చెబుతూ, చేస్తూ వచ్చింది. నగరపాలక సంస్థ ఆ పద్ధతిని 1996లో చేపట్టింది. తెలుగునాట 1992లో అక్కినేని అమల హైదరాబాదు బ్లూ క్రాస్‌ను ప్రారంభించారు. దిక్కులేని పిల్లలను ఇళ్లకు చేర్చే పని ఇలాంటి సంస్థల వల్ల ఊపందుకుంది.

మరి మనం ఏ దారి పట్టాలి? కాపలాకూ, తోడుకూ కుక్క కావాలనుకునే మామూలు కుటుంబానికి శరణాలయపు పిల్ల చాలు. మన వాతావరణానికి అది పుట్టుకతోనే అలవాటు పడి ఉంటుంది. పైగా ఒక ప్రాణం వీధి నుంచి ఇంటికి వస్తుంది. జాతికుక్కే కావాలంటే తప్పు లేదు. కొనేవారు ఒక్కరూ లేకపోతే కన్ని, చిప్పిపారై పేర్లు పుస్తకాల్లోనే మిగులుతాయి. అయితే కొనే పద్ధతి తెలియాలి. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లిని చూపించమని అడగండి. తల్లిదండ్రులకు దగ్గరి చుట్టరికం లేదని తెలుసుకోండి. తెల్ల పిల్లయితే దాని వెనుక నిలబడి చప్పట్లు కొట్టి, వింటున్నదో లేదో చూడండి. ఎక్కడి నుంచి తెచ్చినా టీకాలు తప్పనిసరి. రేబిస్ టీకా సంగతి అసలు మరవకూడదు.

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది ఒక కుక్క. దాన్ని వదిలి స్వర్గానికి రానన్నాడు గాని, అది ఏ జాతిదని ఆయన అడగలేదు. కానుకగా వచ్చినా, కొన్నా, వీధి నుంచి తెచ్చినా, గడప దాటి లోపలికి వచ్చిన కుక్క పది పన్నెండేళ్ల పాటు మన బాధ్యత. ఆ సంగతి ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకున్న తరువాతే దాన్ని ఇంటికి తీసుకురావడం మంచిది.